పాయ నీళ్ళు తేటపడే వేళ

ఆ ఏడాది సీజన్ మొదలవడానికి పన్నెండు రోజుల ముందు మా ఆయన కుడిచెవి కర్ణభేరికి చిల్లు పడింది. పడవ లంగరు అడుగున రాళ్ళలో ఇరుక్కుంటే, జలుబుతో ఉన్న మనిషి అలాగే లోతుకి మునిగారు. పైకి వచ్చేసరికి చెవిలోంచి సన్నగా రక్తం కారుతోంది.

"ఆర్నెల్లు తల నీళ్ళలో పెట్టకూడదు. స్నానం చేసినా చెవిలో దూది ఉండాలి. ఆ తరవాత సంగతి ఆ తరవాత చూద్దాం," అన్నాడు డాక్టరు.

మాకు దీవి ఒడ్డున నాలుగు గదులూ ఒక పడవా ఉన్నాయి. అక్కడికి సెలవలకి వచ్చేవాళ్ళంతా ఒక్క పనికోసమే వస్తారు. ముఖానికి అద్దం బిగించుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళమీద బోర్లా తేలుతూ కింద పగడాలనీ చేపలనీ చూడటం. స్నార్కెలింగ్ అంటే అదే. సముద్రం నిమ్మళంగా ఉండే నాలుగు నెలల్లోనే అది కుదురుతుంది. ఎక్కడ దిగాలో, ఏ వేళకి దిగాలో తెలిసినవాళ్ళు పక్కన లేకపోతే ఇసక తప్ప మరేమీ కనపడదు. మా ఇంట్లో అది తెలిసింది ఆయనకే. నేను గదులు సర్దేదాన్ని, వండేదాన్ని, దుప్పట్లు ఉతికేదాన్ని. పందొమ్మిదేళ్ళు దీవిలో కాపురం చేసి కూడా నీళ్ళలో మోకాళ్ళు దాటి దిగనిదాన్ని. మా నాన్న సైకిళ్ళు బాగుచేసేవాడు. పెళ్ళయ్యేదాకా నేను నీళ్ళు చూసింది కుళాయిలోనే.

చెవి ఒక్కటే అయితే ఎలాగో గట్టెక్కేవాళ్ళం. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఇంకోటి కూడా వచ్చిపడింది.

ఆ సీజన్లో మా గదుల్లో మొదట దిగినావిడ రైలు డ్రైవరు. నలభై దాటినట్టుంది. ఒక్కతే వచ్చింది. భుజాన ఒక సంచీ, చేతిలో ఒక డబ్బా, అంతే సామాను. వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన పడవ తీశారు. తను దిగలేరు కాబట్టి తాడు పట్టడానికి నన్ను రమ్మన్నారు. కొత్త రేవు పక్కన ఆయన ఎప్పుడూ తీసుకెళ్ళే చోటికే వెళ్ళాం. డ్రైవరమ్మ దిగింది, అటూ ఇటూ రెండు చుట్లు తిరిగింది, తల పైకెత్తింది.

"అన్నా, కింద ఏమీ లేదు. పాలెక్కువైన టీలో మొహం పెట్టినట్టుంది."

"ఇంకాస్త ఎడమకి జరగండి."

జరిగింది. మళ్ళీ లేచింది. "ఎడమవైపు టీ ఇంకా చిక్కగా ఉంది."

సీజన్ కాని నెలల్లో పెద్ద ఓడలకోసమని రేవు దగ్గర అడుగు తవ్వారు. ఆ తవ్విన బురదంతా వచ్చి పగడాలమీద కూర్చుంది. చెవి దెబ్బ తగలకపోతే ఆయన ముందే దిగి చూసుకునేవారు. ఇప్పుడు టూరిస్టు చెపితే తెలుసుకోవాల్సి వచ్చింది. ఆయన ఇంజను తిప్పి పడవని వెనక్కి మళ్ళించారు.

ఒడ్డుకి వచ్చాక వసారాలో కూర్చుని అన్నారు, "రాబోయేవాళ్ళందరికీ ఫోన్ చేసి రావద్దని చెప్పేద్దాం. బావగారు ఐసు ఫ్యాక్టరీలో మనిషి కావాలంటున్నారు. గదులు ఎవరికైనా అప్పజెప్పి వెళ్ళిపోదాం."

"మీరు ఐసు ఫ్యాక్టరీలోనా?"

"చెవి పోయినవాడికి ఏ ఫ్యాక్టరీ అయితేనేం. మోత సగమే వినపడుతుంది."

"ఇంత దీవి చుట్టూ ఇంకో మంచి చోటే లేదా?"

"ఎందుకుండదు? ఎవరు వెతకాలి? వెతకాలంటే నీళ్ళలో తల పెట్టాలి."

"నేను పెడతాను," అన్నాను.

ఆయన నవ్వారు. ఎగతాళిగా నవ్వి ఉంటే కోప్పడి ఊరుకునేదాన్నేమో. అది అలిసిపోయిన నవ్వు. ఆ నవ్వు నాకు అసలు నచ్చలేదు.

డ్రైవరమ్మ దగ్గరికి వెళ్ళి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. కావాలంటే ఇంకో చోట గది చూసిపెడతామన్నాను. ఆమె డబ్బాలోంచి తన అద్దం తీసి తుడుచుకుంటూ వింది.

"పదకొండేళ్ళలో మొదటిసారి సెలవు పెట్టాను వదినా. పన్నెండు రోజులు. రోజూ సాయంత్రం మా ఊరి ఈతకొలనులో ఈ గొట్టం పెట్టుకుని మొజాయిక్ నేలని చూస్తూ ఈదాను, ఎప్పటికైనా చేపల్ని చూస్తానని. చూడకుండా వెళ్ళను. జంట లేకుండా దిగకూడదని అన్న చెప్పారు. మీరు నాకు జంట."

"నాకు ఈత రాదు."

"నాకు వచ్చుగా. నేర్చుకుందురుగాని."

మర్నాడు పొద్దున మా గదుల ముందు, నడుంలోతు నీళ్ళలో మొదలుపెట్టాం. పొడుగు చేతుల చొక్కా, పైజమా, పైన గాలి నింపిన చొక్కా ఒకటి. అద్దంలో ఉమ్మి రుద్ది కడిగితే ఆవిరి పట్టదని చెప్పింది. పందొమ్మిదేళ్ళుగా గదుల అద్దాలు కాగితంతో తుడుస్తున్నాను, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. గొట్టం నోట్లో పెట్టుకుని మొహం ముంచగానే ఊపిరి ఆగిపోయింది. లేచాను. ముంచాను, లేచాను. ఉప్పునీళ్ళు ముక్కులోంచి వెళ్ళి గొంతులో దిగాయి.

"మెడ వదిలెయ్యండి వదినా. మెడ బిగిస్తే కాళ్ళు మునుగుతాయి."

"మెడ వదిలితే ప్రాణం పోయేట్టుంది."

"పోదు. నేను బండి నడిపిన ఇన్నేళ్ళలో ఒక్కరి ప్రాణం పోనివ్వలేదు."

మొదటి రోజు పదిసార్లు ముంచితే పదిసార్లూ లేచాను. రెండోరోజు ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా ఉన్నాను. మూడోరోజు ఉన్నట్టుండి మెడ దానంతటదే వదిలింది. కాళ్ళు తేలాయి. గొట్టంలోంచి నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. కింద ఇసకమీద నా నీడ. ఆ నీడలోకి వేలెడంత చేప ఒకటి వచ్చి నిలబడింది. ఎండనుంచి తప్పుకోవడానికి చెట్టుకిందకి వచ్చినట్టు వచ్చింది. నేను కదిలితే కదిలింది. లేచి నిలబడేసరికి డ్రైవరమ్మ చప్పట్లు కొడుతోంది. వసారాలో ఆయన ఇంజను ప్లగ్గులు తుడుస్తూ మాకేసి చూసి, మళ్ళీ తల దించుకున్నారు.

ఆ మధ్యాహ్నం మా అత్తగారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని వంటింటి నేలమీద సుద్దముక్కతో దీవి గీశారు. అత్తగారికి డెబ్బై దగ్గరపడ్డాయి. వయసులో ఉండగా ఆటు సమయంలో, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, తోటివాళ్ళతో గవ్వలేరడానికి దీవి చుట్టూ నడిచేవారట.

"ఇక్కడ వాగు కలుస్తుంది. ఇటు పోకండి. వాగు తెచ్చే మట్టిలో పగడం బతకదు. ఇది గాలి కొట్టే వైపు, ఇదీ వద్దు. రాతిముక్కు సముద్రంలోకి ఎక్కడ పొడుచుకొచ్చిందో అక్కడ చూడండి." మూడు చోట్ల గుండ్రంగా చుట్టారు. దీపస్తంభం రాళ్ళు, వెనకవైపు గడ్డి ఒంపు, మా దీవికీ పక్కనున్న చిన్న లంకకీ మధ్య పాయ.

"కింద ఏముందో మీరు చూశారా అత్తయ్యా?"

"కిందకి చూసే అద్దాలు మాకెక్కడివే. పైన అన్ని గవ్వలు దొరికిన చోట కింద ఊరికే ఉంటుందా?"

అప్పుడే లోపలికి వచ్చిన ఆయన ఆ సుద్దగీతలు చూసి, "ముగ్గురూ కలిసి నన్ను ఎక్కడికి లాక్కెళ్తారు?" అన్నారు.

"నీ చెవికి చిల్లు పడింది గాని చేతులకి పడలేదు కదా నాయనా. పడవ నడుపు," అన్నారు అత్తగారు. తల్లి మాటకి ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు.

దీపస్తంభం రాళ్ళ దగ్గర పగడాలున్నాయి. వంగపండు రంగువి, మెదడు మడతల్లాంటివి. కాని అల రాళ్ళని కొట్టి వెనక్కి వచ్చినప్పుడల్లా మమ్మల్ని బట్ట ఉతికినట్టు ఉతికింది. నా రెండు మోచేతులూ గీరుకుపోయాయి. గట్టిగా ఈత వచ్చినవాళ్ళకే అది కష్టం, పిల్లాపాపల్తో వచ్చేవాళ్ళు దిగలేరు. మర్నాడు గడ్డి ఒంపుకి వెళ్ళాం. అక్కడ ఒక తాబేలు గడ్డి మేస్తోంది. అచ్చం ఆవులాగే, నోటితో పట్టి, తల విసిరి, తుంచి. డ్రైవరమ్మ గొట్టంలోంచే ఏదో అరిచింది. గంటసేపు దాని వెనకాలే తిరిగాం. తాబేలు తప్ప అక్కడ మరేమీ లేదు. గుడ్డికన్న మెల్ల నయం అనుకుంటూ తిరిగి వస్తుంటే నా పిక్కమీద ఎవరో వాత పెట్టినట్టయింది. జెల్లీ చేప. ఒడ్డున అత్తగారు వెనిగర్ సీసా మొత్తం కాలిమీద పోశారు. నేను పళ్ళు బిగించి కూర్చున్నాను.

"ఇక చాలించు. రేపు ఫోన్లు చేసేస్తాను," అన్నారు ఆయన. ఆరుగురున్న కుటుంబం ఒకటి నాలుగు రోజుల్లో దిగబోతోంది.

"ఇంకా పాయ చూడలేదు."

"పాయలో నీళ్ళు లాగుతాయి. నేనే ఎప్పుడూ అక్కడ ఎవర్నీ దించలేదు."

"ఎందుకు దించలేదు?"

"నేను వాళ్ళతో నీళ్ళలో ఉంటే పడవ ఎవరు చూస్తారు? పాయలో లంగరు వేసి దిగితే, మనుషులు ఒకచోట తేలతారు, పడవ ఒకచోట ఉంటుంది."

"ఇప్పుడు మీరు పడవలోనే ఉంటారుగా."

ఆయన నా కాలికేసి చూశారు. పిక్కమీద ఎర్రటి గీతలు తాడులా ఉబ్బి ఉన్నాయి. "ఈ కాలితోనా?"

"మునిగినవాడికి చలేమిటండీ."

ఒక్క షరతుమీద ఒప్పుకున్నారు. పాయ మధ్యలోకి పోకూడదు. మొదట్లో, నీళ్ళు కదలని చోట లంగరు వేస్తారు, పడవ కనపడేంత దూరంలోనే తేలాలి. పోటు మొదలై గంట దాటాక వెళ్ళాం. బయటి సముద్రం నీళ్ళు లోపలికి వస్తున్నాయి. పాయ రంగు మా కళ్ళముందే మారింది. పొద్దున్న బూడిదరంగులో ఉన్నది నీలంగా, ఆపైన గాజులా తేటపడింది.

దిగాం. మొదట్లో ఇసకా, అక్కడొకటి ఇక్కడొకటి పగడపు గుబుర్లూ. పసుపుచారల చేపలు నాలుగైదు. డ్రైవరమ్మ వేలితో కొంచెం ముందుకి చూపించింది. అక్కడ ఇసక అయిపోయి నీలం మొదలవుతోంది. ఆ అంచు చూసి వచ్చేద్దామనుకున్నాం. నాలుగు తన్నులు తన్నామో లేదో, తన్నకుండానే వెళ్ళిపోతున్నామని తెలిసింది. తల ఎత్తి చూస్తే పడవ అగ్గిపెట్టెంత అయింది. ఆయన లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారు.

నా గుండె నోట్లోకి వచ్చింది, నోట్లో గొట్టం ఉంది కాబట్టి ఆగింది. తిరిగి పడవవైపు ఈదబోయాను. డ్రైవరమ్మ నా మణికట్టు పట్టుకుని గొట్టం ఊసేసి అంది, "ఎదురీదొద్దు. అలిసిపోతాం. చెయ్యి వదలకండి. అన్న వస్తారు."

వస్తారని నాకూ తెలుసు. మొహం నీళ్ళలో పెట్టాను.

కింద గోడ. అడుగు కనపడని లోతునుంచి నా పొట్టకి రెండు బారల కిందిదాకా నిలువునా లేచిన గోడ. దానిమీద ఖాళీ అన్నది లేదు. విసనకర్రల్లాంటివి, జింకకొమ్ముల్లాంటివి, వేళ్ళు తెరిచిన చేతుల్లాంటివి, అన్నీ ప్రవాహానికి ఒకవైపుకే వంగి ఉన్నాయి. చిలక చేపలు పగడాన్ని కొరుకుతుంటే కటకటమన్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. మేం ఈదటం లేదు. కాలు కదపక్కర్లేదు. రైల్లో కిటికీ దగ్గర కూర్చున్నట్టు గోడ మా కిందనుంచి తనే వెనక్కి జరిగిపోతోంది. వెండి చేపల గుంపొకటి మమ్మల్ని చూసి రెండుగా చీలి, మేం దాటాక మళ్ళీ ఒకటయింది. భయం పోయిందని చెప్పను. భయం ఉంది. దాని పక్కనే ఇది కూడా ఉంది.

గోడ చివర నీళ్ళు మమ్మల్ని ఒక ఇసక గుంటలోకి నెట్టి వదిలేశాయి. లాగుడు ఆగిపోయింది. కాళ్ళు ఆనాయి. నిలబడి చూసేసరికి పడవ మా పక్కనే ఉంది. లంగరు లాగే సమయం లేక ఆయన తాడు కోసేశారు. కోసిన కొస పడవ ముందుభాగంలో వేళ్ళాడుతోంది. చెయ్యి అందించి ముందు ఆమెని, తరవాత నన్ను పైకి లాగారు.

డ్రైవరమ్మ పడవ అడుగున వెల్లకిలా పడుకుని, అద్దం తీయకుండానే ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఊగిపోతోంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. గోడ అన్నాను, జింకకొమ్ములన్నాను, చప్పుడన్నాను. అతకని మాటలు. ఆయన ఎడమచెవి నావైపు తిప్పి విన్నారు. తిట్లు పడతాయని ఎదురుచూశాను.

ఆయన గడియారం చూసుకున్నారు. పాయ మొదలుకేసి చూశారు, ఈ ఇసక గుంటకేసి చూశారు.

"అక్కణ్ణుంచి ఇక్కడికి పద్దెనిమిది నిమిషాలు," అన్నారు. కోసిన తాడు కొస లోపలికి లాగుతూ, "రేపు యాభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరాలి. పోటు రోజూ అంత వెనక్కి జరుగుతుంది," అన్నారు.

నేను తలూపి, చొక్కా అంచు పిండుకున్నాను.

ఇల్లు అలకగానే పండగ కాదుగా. ఆ తరవాతి మూడు రోజులూ పాయలోనే గడిచాయి. లంగరు వెయ్యడం మానేశాం. ముందు నేనూ డ్రైవరమ్మా నీళ్ళలో, వెనక పదిబారల దూరంలో ఇంజను మెల్లిగా తిప్పుతూ ఆయన. ఈలలు ఆయనకి సరిగ్గా వినపడవు కాబట్టి చేతి సైగలు పెట్టుకున్నాం. చెయ్యి తలమీద ఆనిస్తే అంతా బాగుందని. నిలువుగా ఊపితే వెంటనే రమ్మని. అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ రెండు రోజులు లాగుడు మరీ ఎక్కువ, అప్పుడు దిగకూడదని ఆయన తేల్చారు. ఆ రోజులకి తాబేలు ఉండనే ఉంది. గోడమీద ఎవరూ కాలు పెట్టకూడదన్న నియమం నాది. ఒక్కసారి మడమ తగిలి విరిగిన కొమ్మ మళ్ళీ అంత కావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆయన చెప్పాక, ఈ విషయంలో నేను మొహమాటపడటం మానేశాను.

డ్రైవరమ్మ వెళ్ళేరోజు రేవులో నా చెయ్యి పట్టుకుని, "నేను సిగ్నల్ లేకుండా బండి కదిలించినదాన్ని కాను వదినా. ఆ రోజు ఏ సిగ్నలూ లేదు," అంది.

"మరి భయం వెయ్యలేదా?"

"వేసింది. మీకు చెపితే మీరూ భయపడతారని చెప్పలేదు."

ఆరుగురి కుటుంబం వచ్చింది. ముసలి తాతగారు దిగనని భీష్మించుకుని కూర్చున్నారు. చివరికి నా గాలిచొక్కా వెనక పట్టీ పట్టుకుని, కళ్ళు మూసుకుని దిగి, గోడ చివర ఇసకలో నిలబడి, మళ్ళీ మొదటికి తీసుకెళ్ళమన్నారు. తరవాత ఒక టైలరూ భార్యా, ఆపైన ఇద్దరు నర్సులు, ఒక బస్సు కండక్టరు కుటుంబం. ఒకరు చెపితే ఒకరు. నా వేళ్ళు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉండేవి. గదులు సర్దడం అత్తగారి చేతికి వెళ్ళింది, వంట ఆయన చేతికి వెళ్ళింది. మొదటివారం మాడిన వాసన ఇల్లంతా ఉండేది. నేను ఆకలిమీద ఉండి, ఏది పెడితే అది తినేదాన్ని.

సీజన్ సగంలో ఐసు ఫ్యాక్టరీ బావగారు ఫోన్ చేశారు. నేను తడి బట్టలు ఆరేస్తున్నాను. ఆయన ఫోన్ ఎడమచెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు.

"లేదు బావగారూ, కుదరదు. ఇక్కడ ఇద్దరం లేకపోతే పని నడవదు. ఆవిడ నీళ్ళలో ఉంటుంది, నేను పడవలో ఉండాలి... చెవా? చెవి అలాగే ఉంది."

డాక్టరు కూడా దాదాపు అదే మాట అన్నాడు. చిల్లు కొంత పూడింది, పూర్తిగా పూడదు, ఇక లోతుకి మునగడం అన్నది మర్చిపొమ్మన్నాడు. ఆయన సరే అని వచ్చారు. ఆ వారమంతా పడవలో మాట తక్కువగా ఉన్నారు.

గాలి మారింది. చివరి టూరిస్టులు వెళ్ళిపోయారు. పడవ పైకి లాగేముందు, ఎవరూ లేకుండా మేమిద్దరమే ఒకసారి పాయకి వెళ్ళాం. ఆ రోజు నేను గాలిచొక్కా తీసేశాను. గోడ చివర నీళ్ళు నిలిచే చోట ఊపిరి బిగబట్టి, తల కిందకి వంచి, మొదటిసారి మునిగాను. చెవులు నొక్కుకుపోయాయి. ముక్కు పట్టుకుని ఊదితే టప్పుమని విడిపోయాయి. గోడ పక్కన, పగడపు విసనకర్ర ఎత్తులో కొన్ని క్షణాలున్నాను. పైనుంచి చూసినప్పుడు అది బొమ్మలా ఉండేది. పక్కనుంచి చూస్తే దాని వెనక గూళ్ళున్నాయి, గూళ్ళలో కళ్ళున్నాయి.

పైకి వచ్చి పడవ అంచు పట్టుకున్నాను. ఆయన ఇంజను ఆపి వంగి చూస్తున్నారు. చూసింది చెప్పబోయి ఆగిపోయాను. పందొమ్మిదేళ్ళు ఆయన రోజూ ఇలాంటివన్నీ చూసి, తడి ఒంటితో ఇంటికి వచ్చారు. నేను తువ్వాలు అందించాను. అన్నం పెట్టాను. వచ్చినవాళ్ళు తృప్తిపడ్డారా అని అడిగాను. మీరేం చూశారు అని ఒక్కరోజూ అడగలేదు.

"మొట్టమొదటిసారి మునిగినప్పుడు మీకేం కనపడింది?" అన్నాను.

ఆయన నాకేసి చూశారు. వినపడలేదేమోనని ఎడమవైపుకి ఈది, మళ్ళీ అడిగాను.

"వినపడింది," అన్నారు. పడవ అడుగున కూర్చున్నారు, గడ్డం అంచుమీద ఆనించారు. "అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు," అని మొదలుపెట్టారు.

నీళ్ళు చల్లబడుతున్నాయి. పైకి రమ్మని ఆయన అనలేదు, వస్తానని నేను అనలేదు. అంచు పట్టుకుని, ఆయన చెప్పడం అయ్యేదాకా నీళ్ళలోనే ఉన్నాను.